పేరు భీముడు, తిండి మాత్రం చారెడు

డాలస్ దగ్గర్లోని ఒక ఊరి నుంచి ఒకావిడ రాసిన ఉత్తరం ఇది. పేరు వెయ్యొద్దన్నారు. ఆలుమగలిద్దరూ ఉద్యోగస్తులు. పదకొండేళ్ల కొడుకు కుక్క కావాలని చాలాకాలం పోరాడి, ఇంట్లో ఆస్తమా ఉంది కాబట్టి కుదరదని డాక్టరు చెప్పాక, పుట్టినరోజుకి బియర్డెడ్ డ్రాగన్ అనే బల్లిని ఇప్పించుకున్నాడు. ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతపు జీవి. షాపువాళ్లు రెండు నెలల పిల్ల అని చెప్పారట. గాజు ట్యాంకు, ఎర్ర బల్బు, చుట్టలు తిరిగిన చిన్న యూవీ బల్బు, ఇసుక, గాజుకి అంటించే గుండ్రటి థర్మామీటరు అన్నీ కలిపి కిట్‌గా ఇచ్చారు. బాబు దానికి భీముడని పేరు పెట్టాడు.

మొదటి వారం బాగానే తిన్నది. తర్వాత తగ్గిపోయింది. ఇప్పటికి ఆరు వారాలు. పొడవు పెరిగినట్టు లేదు, తోక మొదట్లో కాస్త సన్నబడిందని ఆవిడకి అనుమానం. ఆకులు పెడితే మొహం తిప్పేస్తుంది. కీచురాళ్లు వేస్తే కొమ్మ మీదికి ఎక్కి కళ్లు మూసుకుంటుంది. బాబు పట్టకారుతో అందించే వాక్స్ వర్మ్స్ అనే తెల్ల పురుగులు మాత్రం నాలుగైదు తింటుంది. పాలకూర, టమాటా, క్యారెట్ తురుము, ఉడికించిన గుడ్డు, చివరికి మెత్తగా కలిపిన పెరుగన్నం కూడా పెట్టి చూశారు. ఆ పెరుగన్నం అత్తగారి సలహా. ఆవిడకి 68 ఏళ్లు, తెనాలి నుంచి ఆరు నెలలకి వచ్చారు, గుడ్డు కూడా ముట్టరు. ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పురుగుల డబ్బా చూసిన దగ్గర్నుంచి ఆ ఫ్రిజ్‌లో పెరుగు వేసుకోవడం మానేశారు. "తొండని తెచ్చి నడింట్లో పెట్టారు, ముదిరితే ఊసరవెల్లి అవుతుంది" అని రోజూ ఒకసారైనా అంటున్నారట.

రాత్రి ఏడింటికి భర్త ఆఫీసు నుంచి వచ్చాక గరాజ్‌లో ఉన్న కీచురాళ్లు తెచ్చి వేస్తారు. ఎనిమిదింటికి లైట్లు ఆపేస్తారు. బాబు మాత్రం "నేను సరిగ్గా చూసుకోవట్లేదు, అందుకే తినట్లేదు" అని పడుకునే ముందు ఏడుస్తున్నాడు. ఆవిడ ప్రశ్నలు మూడు. దీనిచేత తినిపించడం ఎలా? దీన్ని శాకాహారానికి అలవాటు చెయ్యొచ్చా? రెండూ కాకపోతే, పిల్లాడి మనసు నొప్పించకుండా ఎవరికైనా ఇచ్చేయడం ఎలా?

మీ ఉత్తరంలో తిండి గురించి రెండు పేజీలు ఉంది. లైట్ల గురించి రెండు వాక్యాలున్నాయి. నేను ఆ రెండు వాక్యాల దగ్గరే ఆగాను. గాజుకి అంటించిన థర్మామీటరు 88 డిగ్రీలు చూపిస్తోందని రాశారు. అది గాజు వేడి, భీముడు కూర్చునే కొమ్మ వేడి కాదు. ఈ వయసు డ్రాగన్‌కి ఎండ కాచుకునే చోట 100 నుంచి 110 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 38 నుంచి 43 సెల్సియస్ ఉండాలి. ట్యాంకు రెండో కొస 75 నుంచి 85 మధ్య చల్లగా ఉండాలి, వేడెక్కాక అటు వెళ్లేందుకు. మనలాగా దాని ఒంట్లో వేడి పుట్టదు. బయటి వేడి అందితేనే తిన్నది అరుగుతుంది. అందకపోతే ముందు అరుగుదల మందగిస్తుంది, తర్వాత ఆకలే పోతుంది. కాబట్టి మొండికేస్తోందని మీరు అనుకుంటున్నది బహుశా మొండితనం కాదు. దానికి ఆకలి వెయ్యడం లేదు.

పైగా ఏడింటికి తిండి, ఎనిమిదింటికి చీకటి. తిన్నాక కనీసం రెండు గంటలు వేడి కింద ఉంటేగానీ పొట్టలోది కదలదు. మీ వారు మంచి మనసుతోనే వేస్తున్నారు, టైమే బాగాలేదు. ఆయన కొంటున్న సైజు కూడా మార్చాలి. పెద్దవైతే ఎక్కువ రోజులు వస్తాయని పెద్ద కీచురాళ్లు తెస్తున్నారని రాశారు. పురుగు పొడవు డ్రాగన్ రెండు కళ్ల మధ్య దూరం కంటే ఎక్కువ ఉండకూడదు. ఆరేడు అంగుళాల పిల్లకి పావు అంగుళం కీచురాయి సరిపోతుంది. అంతకంటే పెద్దది మింగితే లోపల అడ్డుపడొచ్చు. అసలు భీముడు కొమ్మెక్కి కళ్లు మూసుకునేది భయంతోనే అయ్యుండొచ్చు. రాత్రంతా ట్యాంకులో వదిలేసిన కీచురాళ్లు ఆకలేస్తే నిద్రపోతున్న డ్రాగన్ వేళ్లని, తోకని కొరుకుతాయి. పావుగంటలో తిననివి తీసేయండి.

ఎర్ర బల్బు తీసేసి బాగా వెలుతురిచ్చే తెల్ల బల్బు పెట్టండి. ఎర్ర వెలుగులో ఆకు ఆకులా, పురుగు పురుగులా కనిపించవు. ఈ జీవి రంగు చూసి, కదలిక చూసి తింటుంది. చుట్టల యూవీ బల్బు ట్యాంకులో ఒక మూలకే పనికొస్తుంది. దాని బదులు టీ5 రకం పొడవాటి ట్యూబు, 10.0 అనో 12 శాతం అనో రాసి ఉన్నది, ట్యాంకు పొడవులో సగమైనా ఉండేలా పెట్టాలి. ఎంత ఎత్తులో పెట్టాలో పెట్టె మీద ఉంటుంది. మధ్యలో గాజు ఉండకూడదు, ఎండలో ఉండే యూవీబీ అనే కిరణాల్ని గాజు ఆపేస్తుంది. అందుకే కిటికీ పక్కన పెట్టాం కదా అనుకుంటే లాభం లేదు. ఆ యూవీబీ తగిలితేనే చర్మంలో డి3 విటమిన్ తయారవుతుంది, డి3 ఉంటేనే తిన్న కాల్షియం ఎముకకి చేరుతుంది. చేరకపోతే ఎదిగే పిల్లల్లో దవడ మెత్తబడుతుంది, కాళ్లు వంకర్లు పోతాయి, ఒళ్లు వణుకుతుంది. పెంపుడు బల్లుల్లో తరచుగా కనిపించే జబ్బు ఇది, చాలావరకు మనుషుల చేతుల మీదుగా వచ్చేదే. ట్యూబు వెలుగుతూనే ఉన్నా ఆరు నెలల నుంచి ఏడాది లోపు మార్చాలి, కంటికి కనిపించే వెలుగు ఉన్నా యూవీ తగ్గిపోతుంది.

ఇసుక కూడా తీసేసి కాగితం టవల్ పరవండి. పిల్ల డ్రాగన్ పురుగు మీద పడ్డప్పుడల్లా నోట్లోకి ఇంత ఇసుక పోతుంది. బొమ్మలో ఎడారిలా ఉంటుందని షాపులు అమ్ముతాయి, అంతే.

దూరం నుంచి వేడి చూపించే తుపాకీ లాంటి థర్మామీటరు ఒకటి కొనండి. బాబు చేతికివ్వండి. పొద్దున్నే కొమ్మ మీద గురిపెట్టి 105 వచ్చిందో లేదో వాడే చూస్తాడు.

ఇక తిండి. లైట్లకి టైమర్ పెట్టి పొద్దున ఆరున్నరకి వెలిగేలా, రాత్రి ఎనిమిదిన్నరకి ఆరేలా చెయ్యండి. వెలిగిన గంటకి, స్కూలుకి వెళ్లే ముందు ఆకులు, కొన్ని పురుగులు. స్కూలు నుంచి రాగానే కీచురాళ్లు. ఆరు లోపు ఇంకోసారి. ఈ వయసులో రోజుకి రెండు మూడు సార్లు, ప్రతిసారీ పది పదిహేను నిమిషాల్లో ఎన్ని తింటే అన్ని. ఆకలున్న పిల్ల రోజుకి నలభై, యాభై చిన్న కీచురాళ్లు లాగించేస్తుంది. ఆ లెక్క చూసి హడలిపోకండి. ఏడాది, ఏడాదిన్నరలో నాలుగంగుళాల నుంచి దాదాపు రెండడుగుల దాకా పెరిగే ఒళ్లు అది.

వాక్స్ వర్మ్స్ మానేయండి. అందులో కొవ్వు ఎక్కువ, కాల్షియం తక్కువ. రుచి మరిగితే ఇంకేదీ నచ్చదు. ఒక్కసారిగా ఆపితే నాలుగు రోజులు అలుగుతుందేమోనని మీకు భయం ఉంటుంది, అది న్యాయమైన భయమే. పెద్ద డ్రాగన్ అయితే ఆకలికి దిగొస్తుందిలే అని వదిలేయొచ్చు. పిల్లని పస్తు పెట్టకూడదు. కాబట్టి ముందు వేడి, వెలుతురు సరిచేసి రెండు మూడు రోజులు ఆగండి, తర్వాత రోజుకి ఒక్కో పురుగు తగ్గిస్తూ కొత్తవి చూపించండి. పట్టకారుతో అందించడం కూడా తగ్గిస్తే మంచిది, దానంతట అది పరిగెత్తి పట్టుకోవాలి. నోరు తెరిచి బలవంతంగా పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

కీచురాళ్లకి ఒక రోజు ముందు క్యారెట్ తొక్కలు, ఆకుల కాడలు పెట్టండి. వాటి పొట్టలో ఉన్నదే భీముడి పొట్టలోకి పోతుంది. వేసే ముందు ఒక జిప్ కవర్లో ఫాస్ఫరస్ లేని కాల్షియం పొడి చిటికెడు వేసి, పురుగుల్ని అందులో పోసి ఆడించండి. ముగ్గుపిండి చల్లినట్టు తెల్లగా అవుతాయి. రోజుకి ఒక పూట ఇలా, వారానికి ఒకటి రెండుసార్లు మల్టీవిటమిన్ పొడి. డి3 కలిపిన కాల్షియమా, మామూలుదా అన్నది మీ ట్యూబు సంగతి చెప్పి పశువుల డాక్టరుని, అంటే వెట్‌ని అడగండి.

ఆకుల విషయంలో మీరు అనవసరంగా టెన్షన్ పడుతున్నారు. ఈ వయసులో తిండిలో ముప్పాతిక దాకా పురుగులే, ఆకులు మిగతా కాస్త. పిల్ల డ్రాగన్లు ఆకుల్ని చూసీ చూడనట్టు పోవడం మామూలే. కానీ పెట్టడం మానకూడదు, రోజూ కనిపిస్తూ ఉంటేనే ఒకనాటికి నోరు పెడతాయి. పాలకూర మాత్రం ఆపేయండి. పాలకూర, గోంగూర, తోటకూరల్లో ఉండే ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. ఆవ ఆకు, కాలర్డ్, టర్నిప్ ఆకు, డ్యాండిలియన్ ఆకు మీ దగ్గర మామూలు కూరగాయల షాపుల్లోనే దొరుకుతాయి. వాటిని సన్నగా తరిగి, పచ్చి గుమ్మడి తురుము కాస్త పైన చల్లండి. పెరట్లో మందార చెట్టు ఉండి, దానికి మందులు కొట్టకపోతే ఒక పువ్వు తుంచి పెట్టి చూడండి. ఎరుపు చూస్తే చాలా డ్రాగన్లు ఆగలేవు. ఆ ఆకుల మధ్య కదిలే పురుగులు నాలుగు వదిలితే, పురుగు కోసం ఎగబడి ఆకు కూడా కొరుకుతుంది. అవకాడో విషం, అది మాత్రం దగ్గరికి రానివ్వకండి.

మీ అత్తగారి మాటకి వద్దాం. తొండ అని ఆవిడ అన్నది తప్పేం కాదు. మన పెరటి తొండా, ఈ డ్రాగనూ ఒకే అగామిడే కుటుంబానికి చెందినవి. తెనాలిలో కంచె మీద కూర్చుని ఎండ కాచుకుంటూ పురుగు కోసం కాపు కాసే తొండని ఆవిడ చిన్నప్పటి నుంచి చూసే ఉంటారు. అది పెరుగన్నం తినగా ఎప్పుడైనా చూశారా అని నవ్వుతూనే అడగండి. పాలు, పెరుగు దీనికి అరగవు. అన్నంలో దానికి కావలసింది ఏమీ లేదు. ఎదిగే వయసులో పురుగులు లేకుండా ఈ జీవి బతకదు. అలవాటు చేస్తే అలవాటయ్యే సంగతి కాదిది.

కానీ ఆవిడ బాధని చాదస్తమని కొట్టిపారేయలేను. జీవితమంతా గుడ్డు కూడా ముట్టని మనిషికి ఫ్రిజ్ తెరవగానే మెలికలు తిరిగే పురుగులు కనిపిస్తే ఎలా ఉంటుంది? ఆవిడతో ముందే ఒక మాట చెప్పి ఉండాల్సింది. ఇంకో మంచి సంగతి ఉంది. ఈ బల్లి వయసు పెరిగేకొద్దీ లెక్క తిరగబడుతుంది. ఏడాది దాటాక ఆకులు పెరిగి పురుగులు తగ్గుతాయి. పెద్దదయ్యాక తిండిలో ఎక్కువ భాగం ఆకులే, వారానికి కొన్నిసార్లు కాసిని పురుగులు. బాగా చూసుకుంటే ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది. అంటే మీ ఇంటికి పురుగుల గోల గట్టిగా ఉండేది ఈ ఒక్క ఏడాదే. ఆ ఏడాది భరించగలరా లేదా అన్నదే మీరు తేల్చుకోవాల్సింది.

భరించాలనుకుంటే దారులున్నాయి. బ్లాక్ సోల్జర్ ఫ్లై లార్వా అని చిన్న కప్పుల్లో అమ్ముతారు. అరవవు, ఎగరవు, వాసన రాదు, మేత వెయ్యక్కర్లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు. వాటిలో కాల్షియం సహజంగానే ఎక్కువ. వాక్స్ వర్మ్స్ పోయి ఇవి వస్తే భీముడి ఒళ్లూ బాగుపడుతుంది, మీ ఫ్రిజ్ గొడవా తీరుతుంది. ఎక్కువ రోజులు ఉంచితే నల్లబడి ఈగలవుతాయి, కుట్టవు, కానీ అత్తగారి ఎదుట ఆ కప్పు మూత తెరవకండి. వీటి మీదే నడపకుండా చిన్న కీచురాళ్లు కూడా కలపాలి. గరాజ్‌లో పెట్టడం మీకు వీలే, అయితే టెక్సస్ ఎండాకాలంలో గరాజ్‌లో అవి ఉడికి చస్తాయి, ఆ నెలల్లో ఇంట్లో ఏదో గదిలో ఒక మూల ఇవ్వక తప్పదు. డూబియా అనేవి ఇంకా సులువు, అరవవు, నున్నటి గోడలు ఎక్కలేవు. కానీ అవి బొద్దింకలు. మీ ఇంట్లో అది కుదిరే పని కాదని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. ఎండబెట్టిన పురుగుల డబ్బాలు చూడ్డానికి అందరికీ ఇష్టమే, భీముడికి తప్ప. అవి కదలవు, వాటిలో నీరు ఉండదు, అప్పుడప్పుడు ఆకుల మీద చల్లడానికి పర్వాలేదు గానీ వాటితో పిల్లని పెంచలేరు.

ఒక విషయంలో మాత్రం సర్దుబాటు లేదు. ట్యాంకు సామాన్లు వంటింటి సింకులో కడుగుతున్నారని రాశారు. ఆరోగ్యంగా కనిపించే బల్లి పొట్టలో కూడా సాల్మొనెల్లా అనే జబ్బు తెచ్చే సూక్ష్మజీవి ఉండొచ్చు. ఐదేళ్ల లోపు పిల్లలు, 65 దాటినవాళ్లు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లు బల్లుల్ని ముట్టుకోవద్దని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. మీ అత్తగారికి 68. గిన్నెలు, కొమ్మలు బయట పంపు దగ్గరో, వేరే బకెట్లోనో కడగండి. బాబు దానికి ముద్దులు పెట్టకూడదు, ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. వంటింట్లోకి భీముడు రాకూడదు. అత్తగారు ఇంతకాలం ఎందుకు గొణుగుతున్నారో గానీ, ఈ ఒక్క విషయంలో న్యాయం ఆవిడ వైపే ఉంది.

ఉత్తరం చివర్లో, బాబు పెరట్లో పురుగులు పట్టి వేద్దామంటున్నాడని అలవోకగా రాశారు. వద్దు. పక్కింటివాళ్లు లాన్ మీద ఏ మందు కొట్టారో మీకు తెలియదు. అన్నిటికంటే మిణుగురులు ప్రమాదం. వేసవి మొదట్లో మీ వైపు పెరళ్లలో సాయంత్రాలు మెరుస్తూ తిరుగుతాయి, పిల్లలు సీసాల్లో పడతారు. వాటిలోని విషానికి ఒక్క మిణుగురు తిన్నా బియర్డెడ్ డ్రాగన్ చచ్చిపోతుంది. ఇది మీ అబ్బాయికి ఇవాళే చెప్పండి.

వాడి ఏడుపు గురించి. "నీ తప్పేం లేదు" అని మీరు చెబుతున్నారు, వాడు నమ్మడం లేదు. కారణం తెలియనంతకాలం పిల్లలు తమనే అనుకుంటారు. ఇప్పుడు మీ దగ్గర కారణం ఉంది, చూపించండి. కొమ్మ మీద ఎంత వేడి ఉందో వాడి చేతనే కొలిపించండి, కొత్త బల్బు పెట్టాక మళ్లీ కొలిపించండి. గ్రాముల్లో చూపే చిన్న తూకం ఒకటి భీముడికే కేటాయించండి. ప్రతి ఆదివారం డబ్బాలో పెట్టి తూచి కాగితం మీద రాయమనండి. రోజూ చూసే కంటికి ఎదుగుదల తెలియదు, తోక సన్నబడిందా లేదా అని మీరు పడుతున్న అనుమానం కూడా తూకంతోనే తీరుతుంది. పనులు పంచుకోవడం కూడా రాసిపెట్టుకోండి. ఆకులు తరగడం మీరు, కీచురాళ్లు కొనుక్కురావడం మీ వారు, పెట్టడం, తూచడం వాడు. పురుగుల్ని ముట్టుకోవడం మీ వల్ల కాదని రాశారు. ముట్టుకోనక్కర్లేదు, కాకపోతే వాడు స్కూల్ క్యాంపుకి వెళ్లిన వారం ఎవరు చూస్తారో ఇప్పుడే అనుకోండి.

వెట్ సంగతి. లైట్లు సరిచేసిన రెండు వారాలకి కూడా తూకం కదలకపోతే బల్లుల్ని చూసే వెట్ దగ్గరికి తీసుకెళ్లాలి. కుక్కల్ని, పిల్లుల్ని చూసే ప్రతివాళ్లకీ ఇది రాదు. ఏఆర్ఏవీ అని బల్లులు, కప్పల వైద్యుల సంఘం ఒకటుంది, వాళ్ల జాబితాలో మీ దగ్గర ఎవరున్నారో చూడండి. తాజా రెట్ట చిన్న డబ్బాలో తీసుకెళ్లండి. కాక్సిడియా, పిన్‌వర్మ్స్ లాంటి పరాన్నజీవులు పొట్టలో ఉంటే ఎంత వేడి ఇచ్చినా పిల్ల ఎదగదు, పరీక్షలో అవి తెలిసిపోతాయి, చాలావాటికి మందులున్నాయి. అయితే వణుకు, దవడ మెత్తబడటం, కాళ్లు ఈడ్చడం, కళ్లు గుంటలు పడటం, రోజంతా గడ్డం నల్లగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే వెళ్లండి. కుబుసం విడిచేటప్పుడు మాత్రం రెండు మూడు రోజులు తిండి తగ్గించడం మామూలే.

ఖర్చు కూడా దాచకుండా చెబుతాను. ట్యూబు, బల్బులు, థర్మామీటరు, వెట్ కలిపితే బల్లి కొన్న ధర దాటిపోతుంది. ఇప్పుడున్న ట్యాంకు కొన్ని నెలలకే. పెద్దదయ్యాక నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు పెట్టె కావాలి. ఇవన్నీ చూసుకుని వద్దనుకుంటే అందులో సిగ్గుపడాల్సింది లేదు. కొంతమంది శాకాహారుల ఇళ్లకి యూరోమాస్టిక్స్ అనే ఆకులు తినే బల్లిని సూచిస్తారు. అది ఇంకా ఎక్కువ వేడి అడుగుతుంది, పైగా బాబు ఏడుస్తున్నది భీముడి కోసం, ఏదో ఒక బల్లి కోసం కాదు. ఇగ్వానా ఆకులే తింటుంది గానీ ఐదారడుగులు పెరుగుతుంది, ఆ ఆలోచనే చెయ్యకండి.

ఇచ్చేయాలనుకుంటే రెండు మాటలు. ఒకటి, బక్కచిక్కిన పిల్లని ఇప్పుడే ఎవరికో అప్పగిస్తే, చోటు మారిన బెదురుకి తినే ఆ కాస్తా మానేయొచ్చు. వేడి, వెలుతురు సరిచేసి, తూకం నాలుగు వారాలు వరసగా పెరిగాక ఇవ్వండి. రెండు, బాబు స్కూల్లో ఉండగా ఇచ్చేసి సాయంత్రం కబురు చెప్పొద్దు. మీ ఊరి చుట్టుపక్కల బల్లుల్ని చేరదీసే రెస్క్యూ బృందాలతో వాడి ఎదుటే మాట్లాడండి, ఇల్లు చూడ్డానికి వాడినీ తీసుకెళ్లండి. బయట వదలడం అన్నది అసలు దారి కాదు, టెక్సస్ చలికాలం అది తట్టుకోదు. కొత్త ట్యూబు, తూకం రాసిన కాగితం కూడా భీముడితో పాటే పంపించేయండి.